డిజైన్ విద్యార్థికి లైబ్రరీ ఎంత దూరం? మేడ్చల్, శామీర్‌పేటల్లో ఏది అందుతోంది, ఏది అందడం లేదు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల క్యాంపస్‌లలో డిజైన్, ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్, యానిమేషన్ లాంటి కోర్సులు చదువుతున్నారా? మీ పిల్లలను వాటిలో చేర్పించాలనుకుంటున్నారా? అయితే ఫీజు, హాస్టల్, ప్లేస్‌మెంట్ల గురించి అడిగినట్టే ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఆ క్యాంపస్ లైబ్రరీలో మీ కోర్సుకు పనికొచ్చేది ఎంత ఉంది?

దేశంలోని ప్రభుత్వ విద్యాసంస్థలన్నింటికీ అంతర్జాతీయ పరిశోధన పత్రికలు ఒకే చందాతో అందించే పథకం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక ఏ విద్యార్థికైనా అన్నీ దొరుకుతాయని చాలామంది అనుకుంటున్నారు. కానీ హైదరాబాద్ ఉత్తర శివార్లలో చదువుతున్న డిజైన్ విద్యార్థుల్లో చాలామందికి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఎందుకో, ఈలోగా మీరేం చేయొచ్చో చూద్దాం.

అసలు ఏమిటీ పథకం?

దీని పేరు ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ఇందులో ఉన్నాయి. 6,300కు పైగా సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు ఇది ఉపయోగపడుతుందని కేంద్రం చెప్పింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది.

ఇది సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులకు మాత్రమే పనికొచ్చేది కాదు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్ లాంటి పెద్ద సంస్థలు ఇందులో ఉన్నాయి. డిజైన్ పరిశోధనలో పేరున్న ‘డిజైన్ స్టడీస్’ ఎల్సెవియర్ ప్రచురణ. ‘ది డిజైన్ జర్నల్’, ‘ఫ్యాషన్ థియరీ’ టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వారివి. ‘విజువల్ కమ్యూనికేషన్’ సేజ్ వారిది.

అయితే ఎవరికి వర్తిస్తుంది అన్న చోటే చిక్కు ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలో ఉన్న ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఇందులోకి వస్తాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు కాలేజీలు మొదటి దశలో లేవు.

మన దగ్గరే ఈ తేడా ఎందుకు ఎక్కువ కనిపిస్తోంది?

తెలంగాణలో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2018లో వచ్చింది. దాని కింద 2020లో తొలి విడతగా అనుమతి పొందినవి ఐదు: మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్ఆర్. వీటిలో మూడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉన్నాయి. మహీంద్రా బహదూర్‌పల్లిలో, మల్లారెడ్డి మైసమ్మగూడలో, అనురాగ్ ఘట్‌కేసర్ దగ్గర వెంకటాపూర్‌లో. శామీర్‌పేట వైపు జవహర్‌నగర్‌లో 2008 నుంచి బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. ఇక మేడ్చల్ రోడ్డు పొడవునా ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలే. అంటే ఈ ప్రాంతంలో ఉన్నత విద్య ఎక్కువగా ప్రైవేటు చేతుల్లోనే ఉంది.

ప్రభుత్వ సంస్థలు లేకపోలేదు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. బాచుపల్లిలో సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, నృత్యం, రంగస్థలం కోర్సులున్నాయి. రెండూ రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు కాబట్టి ప్రభుత్వ సంస్థల కోవలోకే వస్తాయి.

దీని ఫలితం కొంచెం విచిత్రంగా ఉంటుంది. శామీర్‌పేటలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థికి, అతనికి పెద్దగా అవసరం లేని ‘ఫ్యాషన్ థియరీ’ వ్యాసం తెరుచుకునే వీలుంది. కొన్ని కిలోమీటర్ల అవతల ప్రైవేటు క్యాంపస్‌లో ఫ్యాషన్ డిజైన్ చదివే అమ్మాయికి మాత్రం, తన సంస్థ సొంతంగా చందా కడితేనే అది అందుతుంది. అవసరం ఎవరికి ఉందన్న దాన్ని బట్టి గాక, కాలేజీ ఎవరిదన్న దాన్ని బట్టి ఇక్కడ గీత పడింది.

ప్రైవేటు సంస్థలన్నీ లైబ్రరీని పట్టించుకోవడం లేదని దీనర్థం కాదు. పెద్ద సంస్థలు సొంత ఖర్చుతో పత్రికలు తెప్పిస్తాయి. కానీ ఇంజినీరింగ్‌లో వేల మంది, డిజైన్‌లో కొన్ని పదుల మంది ఉన్న చోట చందా డబ్బు ముందుగా ఎటు వెళ్తుందో ఊహించడం కష్టం కాదు.

డిజైన్ లైబ్రరీలో ఏం ఉండాలి?

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఈ పథకం పత్రికలకు సంబంధించినది. పుస్తకాలు ఇందులో లేవు. డిజైన్, కళల విద్యార్థికి, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, పరిశోధన పత్రికలకన్నా పుస్తకాలు, బొమ్మలు, వస్తువులే ఎక్కువ అవసరం.

ఇంజినీరింగ్ లైబ్రరీలో ఒకే పాఠ్యపుస్తకం ఇరవై, ముప్పై ప్రతులు కొంటారు. సెమిస్టరంతా విద్యార్థి ఇంటికి తీసుకెళ్లొచ్చు. కళా పుస్తకం అలా కాదు. పెద్ద సైజు, రంగుల అచ్చు, మంచి కాగితం కావడంతో ధర వేలల్లో ఉంటుంది. ఒక్క ప్రతే కొంటారు. రిఫరెన్స్ విభాగంలో పెట్టి, బయటకు ఇవ్వరు. స్టూడియో పని ముగించుకుని వెళ్లేసరికి కాలేజీ బస్సు వేళవుతుంది. పుస్తకం ఉన్నా చూసే సమయం ఉండదు.

పుస్తకాలతో పాటు ఈ చదువుకు మరికొన్ని కావాలి. బట్టల నమూనాలు, రకరకాల కాగితాలు, అక్షరాల నమూనా పుస్తకాలు, చెక్క, లోహం, ప్లాస్టిక్ ముక్కలు, పాత ప్రకటనలు, పోస్టర్లు, సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు. మాదాపూర్‌లోని నిఫ్ట్ లాంటి సంస్థలు లైబ్రరీని ‘రిసోర్స్ సెంటర్’ అనడం ఇందుకే. అక్కడ పుస్తకాలతో పాటు వస్త్రాలు, దుస్తులు, ఇతర సామగ్రి నమూనాలనూ భద్రపరుస్తారు.

ఆమోదం, గుర్తింపు ఇచ్చే సంస్థలు లైబ్రరీని ఎక్కువగా లెక్కల్లో చూస్తాయి. ఎన్ని శీర్షికలు, ఎన్ని ప్రతులు, ఎంత ఖర్చు అని అడుగుతాయి. ఆ లెక్క సరిపోయినంత మాత్రాన మీ కోర్సుకు కావలసినవి అలమరాలో ఉన్నట్టు కాదు. 50,000 పుస్తకాలున్న లైబ్రరీలో టైపోగ్రఫీ మీద రెండే ఉండొచ్చు.

మీ కాలేజీ ఎంత ఖర్చు పెడుతోందో ఎలా తెలుస్తుంది?

ఇందుకు ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. రెండు పత్రాలు చూడండి.

మొదటిది ఎన్‌ఐఆర్‌ఎఫ్ డేటా. జాతీయ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసిన సంస్థలు మూడేళ్ల ఖర్చుల వివరాలు ఇస్తాయి. అందులో ‘లైబ్రరీ’ అని ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది. పుస్తకాలు, పత్రికలు, ఈ-వనరులకు పెట్టిన ఖర్చు అక్కడ కనిపిస్తుంది. సంస్థ వెబ్‌సైట్‌లో ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్’ లింకు కింద ఈ పీడీఎఫ్ దొరుకుతుంది. ఆ మొత్తాన్ని విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే తలకు ఎంత పడుతుందో తెలుస్తుంది. ఇది సంస్థ మొత్తానికి చెందిన లెక్క, డిజైన్ విభాగానిది విడిగా ఉండదు.

రెండోది న్యాక్ స్వీయ అధ్యయన నివేదిక. అందులో నాలుగో ప్రమాణం మౌలిక వసతులు, అభ్యసన వనరులకు సంబంధించినది. లైబ్రరీ ఖర్చు, రోజూ ఎంతమంది వాడుతున్నారు, ఏయే ఈ-వనరులకు చందా ఉంది అన్న వివరాలు అక్కడ ఉంటాయి.

ఈ రెండూ చూశాక నేరుగా లైబ్రేరియన్‌ను కలవండి. ఇవి అడగండి:

- గత ఏడాది డిజైన్, కళల విభాగానికి కొన్న పుస్తకాల జాబితా ఉందా?
- ఏయే పత్రికలకు చందా ఉంది? హాస్టల్ నుంచి, ఇంటి నుంచి తెరుచుకుంటాయా?
- డెల్‌నెట్ సభ్యత్వం ఉందా? ఉంటే వేరే లైబ్రరీలో ఉన్న పుస్తకాన్ని మీ లైబ్రరీ ద్వారా తెప్పించుకునే అవకాశం ఉంటుంది. చాలా ఇంజినీరింగ్ కాలేజీలకు ఈ సభ్యత్వం ఉన్నా, విద్యార్థులకు ఆ సంగతి తెలియదు.
- కొనాల్సిన పుస్తకాల పేర్లు విద్యార్థులు ఇవ్వొచ్చా? ఎప్పటిలోగా ఇవ్వాలి?
- స్టూడియో ఉన్న రోజుల్లో సాయంత్రం ఎంతవరకు తెరిచి ఉంచుతారు?

చివరి రెండూ చిన్న ప్రశ్నల్లా కనిపించినా ఫలితం వాటిలోనే ఎక్కువ. లైబ్రరీ కమిటీ బడ్జెట్ ఖరారు చేసే ముందు విభాగాల నుంచి జాబితాలు అడుగుతుంది. మీ విభాగం జాబితా ఇవ్వకపోతే ఆ డబ్బు జాబితా ఇచ్చిన విభాగానికి పోతుంది.

నగరంలో ఎక్కడికి వెళ్లొచ్చు?

మంచి సేకరణలు నగరంలో ఉన్నాయి. సమస్య దూరమే. మేడ్చల్, శామీర్‌పేటల నుంచి పాతబస్తీ అంచుకు సుమారు 30 కిలోమీటర్లు.

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు 2023 ఏప్రిల్ 8న ఎంఎంటీఎస్ సేవలు మొదలయ్యాయి. రైళ్లు తక్కువ కాబట్టి సమయాలు చూసుకుని బయల్దేరాలి. శామీర్‌పేట వాళ్లకు రాజీవ్ రహదారి మీదుగా జేబీఎస్ బస్సులే దిక్కు. ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్ల మెట్రో మార్గాలకు ప్రాజెక్టు నివేదికలు సిద్ధం చేయాలని 2025 జనవరి 1న ముఖ్యమంత్రి ఆదేశించారు. అవి పూర్తయ్యేలోపు ఇప్పుడు చేరినవారి నాలుగేళ్ల కోర్సు అయిపోతుంది. అందుకే ఒక్కో ప్రయాణాన్ని ముందే పథకం వేసుకోవాలి.

రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్: 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. పాత తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పుస్తకాలు, పత్రికలు ఇక్కడ చూడొచ్చు. అచ్చు చరిత్ర, అక్షర రూపాలు, పాత ప్రకటనల మీద ప్రాజెక్టు చేసేవారికి బాగా ఉపయోగం.

సాలార్‌జంగ్ మ్యూజియం: మ్యూజియంతో పాటు రిఫరెన్స్ లైబ్రరీ, రాతప్రతుల సేకరణ ఉన్నాయి. శుక్రవారం సెలవు. పుస్తకంలో చూసిన బిద్రీ పనిని, దక్కనీ చిత్రాన్ని ఇక్కడ కళ్లారా చూడొచ్చు.

మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ: రాష్ట్రంలో ఈ సబ్జెక్టుల కోసమే ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. 2008లో ఏర్పడింది. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సరోజినీ నాయుడు కళల స్కూలు, ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయం ఉన్నాయి.

విశ్వవిద్యాలయాలు, నిఫ్ట్ లాంటి చోట్ల బయటి విద్యార్థులకు నిబంధనలు వేరుగా ఉంటాయి. నేరుగా వెళ్తే గేటు దగ్గరే ఆపేయొచ్చు. ముందు ఫోన్ చేయండి. మీ లైబ్రేరియన్ లేదా ప్రిన్సిపల్ సంతకంతో పరిచయ లేఖ, కాలేజీ గుర్తింపు కార్డు, చూడాలనుకునే పుస్తకాల జాబితా వెంట తీసుకెళ్లండి. చాలా సంస్థల ఆన్‌లైన్ కేటలాగ్‌లను ఇంటి నుంచే వెతకొచ్చు. పుస్తకం ఉందో లేదో చూసుకుని వెళ్తే ఒక రోజు కలిసొస్తుంది.

ఇంటి నుంచే ఉచితంగా ఏమేం దొరుకుతాయి?

ఇక్కడ పరిస్థితి పదేళ్ల కిందటికన్నా ఎంతో మెరుగు. ప్రైవేటు కాలేజీ, ప్రభుత్వ కాలేజీ తేడా కూడా లేదు.

జాతీయ డిజిటల్ లైబ్రరీ: ఐఐటీ ఖరగ్‌పుర్ నిర్మించింది. 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. ఈమెయిల్‌తో నమోదు చేసుకుంటే చాలు. ఎన్నో సంస్థల వనరులను ఒకేచోట వెతకొచ్చు. కొన్ని లింకులు మాత్రం చందా ఉన్నవారికే తెరుచుకుంటాయి.

డీసోర్స్: ఐఐటీ బాంబే డిజైన్ విభాగం నిర్వహిస్తోంది. పాఠాలు, కేస్ స్టడీలతో పాటు దేశంలోని చేతివృత్తుల మీద ఫొటోలతో వివరమైన నమోదులున్నాయి. కళాకారుల ఊరికి వెళ్లేముందు ఇందులో చదువుకుని వెళ్తే అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి.

మ్యూజియం బొమ్మలు: న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000 చిత్రాలను ఎవరైనా ఎందుకైనా వాడుకునేలా విడుదల చేసింది. స్మిత్‌సోనియన్ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల చిత్రాలతో అదే దారి పట్టింది. మన దేశ మ్యూజియంల వస్తువుల కోసం కేంద్ర సాంస్కృతిక శాఖ ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్ ఉంది. సాలార్‌జంగ్ సేకరణ కూడా అందులో చూడొచ్చు.

పత్రికలు: ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ డిజైన్’ 2007 నుంచి అందరికీ ఉచితం. డిజైన్ రీసెర్చ్ సొసైటీ తన సదస్సుల పత్రాలను డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా పెట్టింది. చందా అడిగే వ్యాసం తగిలితే రచయితకు ఈమెయిల్ చేసి అడగడంలో తప్పు లేదు. చాలామంది పంపిస్తారు.

తెలుగు వనరులు: డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన వేల పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అట్టల డిజైన్, లోపలి అక్షరాల అమరిక చూడటానికీ ఇవి పనికొస్తాయి. అక్షరాలతో పనిచేసేవారికి మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత లైసెన్సుతో ఉన్నాయి. వాటిని విప్పి చూసి నేర్చుకోవచ్చు.

ఫొటోకాపీ, పీడీఎఫ్: చట్టం ఏమంటోంది?

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వ్యక్తిగత అధ్యయనానికి, పరిశోధనకు సముచితమైన మేరకు వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. బోధనలో భాగంగా చేసే ప్రతులకూ మినహాయింపు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ మినహాయింపును విద్యార్థులకు అనుకూలంగా వివరించింది. కోర్సుకు అవసరమైన మేరకు ప్రతులు తీసుకోవచ్చని చెప్పింది.

అంటే మీకు కావలసిన అధ్యాయాన్ని చదువు కోసం జిరాక్స్ తీయించుకోవడానికి భయపడక్కర్లేదు. మొత్తం పుస్తకాన్ని టెలిగ్రామ్ గ్రూపుల్లో పంచడం వేరు, దానికి ఈ రక్షణ ఉంటుందనుకోవద్దు. మీ పోర్ట్‌ఫోలియోలో, అమ్మకానికి పెట్టే డిజైన్‌లో ఇతరుల బొమ్మ వాడటం కూడా వేరే సంగతి. అక్కడ లైసెన్సు చూసుకోవాల్సిందే.

మీ ఊరి శాఖా గ్రంథాలయం మాటేమిటి?

పైన చెప్పిన తలుపు తెరుచుకునే అవకాశం ఇక్కడ ఉంది.

ప్రభుత్వ గ్రంథాలయాల చట్టం 1960 ప్రకారం ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీరు అద్దె గదిలో ఉన్నా, హాస్టల్‌లో ఉన్నా ఆ భవన యజమాని కట్టే పన్నులో ఇది ఉంటుంది. అద్దె రూపంలో ఆ భారం కొంత మీ మీదా పడుతుంది. మేడ్చల్ పరిసరాల్లో కొత్త కాలనీలు, అపార్టుమెంట్లు పెరిగినకొద్దీ వసూలు కావాల్సిన సెస్సూ పెరుగుతుంది. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును సకాలంలో జమ చేయడం లేదన్నది గ్రంథాలయ సంస్థల పాత ఫిర్యాదు.

ఇప్పుడు చాలా శాఖా గ్రంథాలయాలు పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. అది తప్పు కాదు, వాళ్లకూ అదే దిక్కు. కానీ అక్కడ డిజైన్ పుస్తకం అడిగేవారు లేక కొనేవారూ లేరు.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌ను కేంద్రం మూడు దశలుగా ఊహించింది. మొదటిది ప్రభుత్వ సంస్థలకు. రెండోది ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో ప్రైవేటు సంస్థలకు. మూడోది ఎంపిక చేసిన ప్రభుత్వ గ్రంథాలయాల ద్వారా పౌరులందరికీ. మూడో దశ వచ్చిన రోజున నాలుగు కంప్యూటర్లు, నిలకడైన ఇంటర్నెట్, సాయంత్రం దాకా ఉండే సిబ్బంది ఉన్న గ్రంథాలయానికే ఆ అవకాశం దక్కుతుంది. మేడ్చల్, శామీర్‌పేట శాఖలు ఆ జాబితాలో ఉండాలంటే ఆ అడుగు ఇప్పుడే పడాలి. జిల్లా గ్రంథాలయ సంస్థకు రాతపూర్వకంగా వినతి ఇవ్వొచ్చు. సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

ఈ సెమిస్టర్‌లో చేయగలిగినవి

- విభాగం తరఫున 25 పుస్తకాల జాబితా తయారుచేసి లైబ్రరీ కమిటీకి ఇవ్వండి. ఏ పేపర్‌కు ఏ పుస్తకమో రాయండి. పేరు, ప్రచురణకర్త, ధర ఉంటే కాదనడం కష్టం.
- స్టూడియోలో ఒక అలమరాను నమూనాల కోసం అడగండి. జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడల్లోని ప్యాకేజింగ్, ప్లాస్టిక్, లోహ పరిశ్రమల్లో మిగిలే ముక్కలు, సికింద్రాబాద్ జనరల్ బజార్ బట్టల దుకాణాల తుంపులు చాలు. ప్రతిదానికీ పేరు, దొరికిన చోటు, ధర రాసిన చీటీ కట్టండి. మూడేళ్లలో అది మీ జూనియర్లకు మంచి వనరు అవుతుంది.
- సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు ఒక్కో ప్రతి లైబ్రరీలో ఉంచాలని అడగండి. దీనికి ఖర్చు లేదు.
- నెలకు ఒక శనివారం నలుగురైదుగురు కలిసి నగరంలోని ఒక లైబ్రరీకి వెళ్లండి. పరిచయ లేఖ అందరికీ ఒకటే తీసుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. అడ్మిషన్ రోజున క్యాంపస్ తిప్పి చూపించేటప్పుడు లైబ్రరీ భవనాన్ని తప్పకుండా చూపిస్తారు. లోపలికి వెళ్లి డిజైన్ అలమరా ఎక్కడుందో అడగండి. అక్కడి పుస్తకాల్లో ఒకటి తీసి, చివరిసారి ఎవరికి ఎప్పుడు ఇచ్చారో చూడండి. ఏడాదికి లక్షల్లో కట్టే ఫీజుకు ఈ చదువులో మీ పిల్లలకు ఎంత అందుతుందో అక్కడ కొంత తెలుస్తుంది.